గ్లాసు మీద రెండు దెబ్బలు

"మాట ఇచ్చేశారా? ఎవర్నడిగి ఇచ్చారు?" అంది తల్లి.

"నా పెళ్ళాం సంగతి చెప్పడానికి ఎవర్నడగాలి అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

ఇద్దరూ గుసగుసగానే అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడకూడదని వారం కిందట తల్లే రూలు పెట్టింది. పెద్దమ్మాయి గొంతుకి విశ్రాంతి కావాలి. ఆదివారం సాయంత్రం కొత్త హాల్లో మొదటి కచేరీ ఆమెదే. ఇన్నేళ్ళూ నలుగురితో కలిసి వేదికలెక్కిన మనిషి, మొదటిసారి తన ఒక్కదాని పేరు మీద పాడబోతోంది. ఇంట్లో ఎవరైనా పెద్దగా మాట్లాడితే ఆమెకీ మాట్లాడాలనిపిస్తుందని తల్లి భయం. అందుకని అందరూ గుసగుసల్లోనే బతకాలి. పాలవాడితో గుసగుస, పక్కింటావిడతో గుసగుస. వంటింట్లోకి దూరిన పిల్లిని కూడా ఆవిడ గుసగుసగానే అదిలించింది. అది కదల్లేదు సరికదా, తీరిగ్గా పాలు తాగి మరీ వెళ్ళింది.

గుసగుసల్లో సరసమాడొచ్చు, చాడీలు చెప్పుకోవచ్చు. దెబ్బలాడటం మాత్రం మహా కష్టం. మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు ఎర్రబడతాయి, మాట మాత్రం గాలి పోతున్న సైకిలు చక్రంలా వస్తుంది. అత్తా అల్లుడూ భోజనాల బల్లకి చెరో పక్కా నిలబడి, ఒకళ్ళ మీదికొకళ్ళు వంగి బుసలు కొట్టుకుంటున్నారు.

"శనివారం మైకులు సరిచూస్తామండీ. అప్పుడు ఒక్క పాట పాడి చూపిస్తుంది. కార్యదర్శిగారు వింటానన్నారు. ఆయన కట్టించిన హాలు, ఆయన ముచ్చట. అందులో తప్పేముంది?"

"ఆదివారం పాడాల్సిన గొంతుని శనివారమే అరగదీస్తారా?"

"మైకు ఉంది కదండీ. ఇంత గొంతుని అంత చేసి వినిపించడమేగా నా పని."

మైకులు అద్దెకిచ్చే మనిషికి లోకంలో ఏ జబ్బుకైనా మైకే మందు.

"ఉన్న గొంతుని పెద్దది చేస్తారు సరే, లేని గొంతుని మీ మైకు ఎక్కణ్ణించి తెస్తుంది?"

టంగ్. టంగ్.

ఇద్దరూ ఆగారు. బల్ల కొసన కూర్చున్న పెద్దమ్మాయి స్టీలు గ్లాసు ఒక చేత్తో, చెంచా ఒక చేత్తో పట్టుకుని వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఒక దెబ్బ కొడితే అవునని. రెండు కొడితే కాదని, వద్దని. ఆపకుండా కొడితే అందరూ బయటికి నడవండని.

మొదట్లో కాగితం మీద రాసేది. అది కుదరలేదు. తల్లి కళ్ళజోడు వెతుక్కునేసరికి విషయం చల్లారిపోయేది. మొగుడైతే ఆమె మూడో మాట రాసేలోగా ఆరు మాటలు మాట్లాడి, తనే జవాబూ చెప్పేసుకుని వెళ్ళిపోయేవాడు. కోపాన్ని రాసి చూపించడం అయ్యే పని కాదు. గ్లాసుకి ఆ బాధ లేదు.

"అదిగో, వద్దంటోంది" అంది తల్లి గెలిచినట్టుగా.

"మీరు వద్దంటున్నారు కదా, మిమ్మల్ని ఆపమంటోంది" అన్నాడు అల్లుడు.

పెద్దమ్మాయి గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇద్దరూ... నోరు... మూసుకోండి" అంది గుసగుసగా, ఒక్కో మాటా పళ్ళ సందునించి నెట్టి.

దానికి తల్లి అభ్యంతరం చెప్పలేదు. అవసరానికి నాలుగు మాటలు గుసగుసగా అనుకోవచ్చని ఆవిడే ఒప్పుకుంది. గుసగుస గొంతు కాదు, ఒట్టి గాలి అని ఆవిడ నమ్మకం.

మెట్ల మీదనించి చిన్నమ్మాయి దిగింది. "టైమైంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళరా?" అంది మామూలు గొంతుతో. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

ఆ ఉలికిపాటు పెద్దగా మాట్లాడినందుకు కాదు. అచ్చం పెద్దమ్మాయే మాట్లాడినట్టు వినబడింది. అక్కాచెల్లెళ్ళ గొంతులు పుట్టినప్పట్నించీ అంతే. ఎదురుగా నిలబడితే ఫరవాలేదు. ఫోన్లో అయితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఒకసారి మైకులాయన ఇంటికి ఫోన్ చేసి, ఎత్తింది పెళ్ళామే అనుకుని, "రాత్రి అలిగావా బంగారం" అంటూ మొదలుపెట్టాడు. మరదలు గుక్క తిప్పుకోకుండా, "అలిగాను. వచ్చేటప్పుడు రెండు బట్టల సబ్బులు, ఒక చీరా తీసుకురా" అంది. ఆయన తెచ్చాడు కూడా. చీర చిన్నమ్మాయే కట్టుకుంది. ఆ కథ చెప్పుకుని ఇల్లంతా నవ్విన రోజులున్నాయి. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

*

గొంతు డాక్టరమ్మ గదిలో చల్లగా ఉంది. ఆవిడ సన్నటి గొట్టం లోపలికి పంపి, తెర మీద చూస్తూ కాసేపు ఏమీ అనలేదు. ఏమీ అనని డాక్టరంటే ఎవరికైనా భయమే. తెర మీద పెద్దమ్మాయి గొంతు లోపలి రెండు తీగలు, పాలలా తెల్లగా ఉండాల్సినవి, ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"మాట్లాడుతున్నారా?" అంది డాక్టరమ్మ.

పెద్దమ్మాయి సంచీలోంచి గ్లాసూ చెంచా తీసి రెండు దెబ్బలు కొట్టింది. నర్సు నవ్వాపుకోవడానికి మొహం తిప్పుకుంది.

"ఒక్క మాట మాట్లాడలేదండీ, నేనే సాక్ష్యం" అంది తల్లి. "ఇల్లంతా నిశ్శబ్దం చేసిపెట్టాను. దానికి మరీ అవసరమైతే గుసగుసగా ఏదో ఒకటి చెబుతుంది, అంతే."

డాక్టరమ్మ చేతిలో గొట్టం పక్కన పెట్టింది.

"గుసగుసగానా? రోజూనా?"

"రోజూ అంటే... భోజనం దగ్గర, పడుకునేముందు. అల్లుడుగారు ఏదన్నా అడిగినప్పుడు."

"గుసగుస విశ్రాంతి అని ఎవరు చెప్పారమ్మా మీకు?" డాక్టరమ్మ గొంతు మెల్లగానే ఉంది గానీ అందులో కోపం ఉంది. "అలిసిన గొంతుతో గుసగుసలాడితే ఇంకా చెరుపు. బిగబట్టి గాలిని రాపాడిస్తారు. దానికన్నా మామూలుగా నాలుగు ముక్కలు మాట్లాడినా నయం. వారం కిందట చూసినప్పుడు కాస్త వాపు. ఈపాటికి తగ్గిపోవాల్సింది. పెరిగింది."

తల్లి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

పెద్దమ్మాయి తల్లి వైపు చూడలేదు. తెర వైపే చూస్తోంది. తన గొంతు అంత దగ్గరగా, అంత ఎర్రగా, అంత పరాయిగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఇకనించి ఒక్క అక్షరం వద్దు" అంది డాక్టరమ్మ. "గుసగుస వద్దు, కూనిరాగం వద్దు, గొంతు సవరించుకోవడం కూడా వద్దు. దగ్గొస్తే నీళ్ళు తాగండి. శనివారం పొద్దున్న వచ్చి చూపించండి. అప్పటిదాకా నిజంగా నోరు కట్టేసుకుంటే ఆదివారం పాడే అవకాశం ఉంది. మధ్యలో కోపమొచ్చి ఒక్కసారి అరిచారో, ఇక ఆదివారం మాట మరిచిపోండి. ఆదివారమే కాదు, ఆ తర్వాతి సంగతి కూడా నేను చెప్పలేను."

పెద్దమ్మాయి గ్లాసు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

*

వీధి తలుపు మూయడమే ఆలస్యం, డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి అంతా విన్న మైకులాయన అరిచాడు.

"అత్తయ్యగారూ!"

వారం తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ మొదటి కేక అది. కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? మీ రూలు! మీ గుసగుసలు! నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గాను. ఎందుకూ? దాని గొంతు ఇంకాస్త పాడుచెయ్యడానికా?"

"నాకు తెలిసి చేశానా?" అంది తల్లి. ఆవిడ కూడా గొంతెత్తింది. ఆవిడ అసలు గొంతు నెర్రెలిచ్చిన కుండలా ఉంటుంది. మాట మొదట్లో ఒక స్వరం, చివర్లో ఒక స్వరం, మధ్యలో ఏమీ ఉండదు. వారమంతా గుసగుసల చాటున ఆవిడ దాన్ని దాచుకుంది కూడా.

"తెలియకపోతే అడగాలి. డాక్టర్ని అడగొచ్చు. నన్నడగొచ్చు."

"మిమ్మల్నడిగితే మైకు పెట్టమంటారు!"

"అవును పెట్టమంటాను! మైకు పెడితే గొంతు వాచిందని ఎవరూ అనలేదు!"

పెద్దమ్మాయి నడవలో నిలబడి చెప్పులు కూడా విడవలేదు. ఆమెకి అరవాలని ఉంది. ఇద్దరి మీదా కలిపి ఒకేసారి, పై స్థాయిలో, ఇంటి కప్పు లేచిపోయేట్టు. కోపానికి గొంతు కావాలి. గొంతు లేని కోపం చేతుల్లోకి దిగుతుంది. ఆమె సంచీలోంచి గ్లాసూ చెంచా లాగి, సంచీ కుర్చీ మీదికి విసిరింది.

"నేను పోగొట్టుకున్నాను బాబూ" అంది తల్లి. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. "మీకు తెలుసు. అందరికీ తెలుసు. ఇలాగే గొంతు రాసుకుపోయిన రోజున మీ మామగారు ఎవరికో మాటిచ్చేశారు. వేడినీళ్ళు తాగి పాడెయ్యి, ఏం కాదు అన్నారు. పాడాను. మూడో పాట మధ్యలో పోయింది. అందరూ చూస్తూనే ఉన్నారు. నోరు కదులుతోంది, లోపల్నించి ఏమీ రావడంలేదు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు మీరొచ్చి మాటిచ్చానంటున్నారు. అవే మాటలు, అదే ధీమా."

"మామగారి మీది కోపం అల్లుడి మీదా?" అన్నాడాయన. కాస్త తగ్గాడు గానీ పూర్తిగా తగ్గలేదు. "సరే, శనివారం పాట వద్దు. నేనే కార్యదర్శిగారికి చెబుతాను. కానీ ఆదివారం మాత్రం అది పాడుతుంది. పొద్దున్నే ఫోన్ చేసి ఆయనకి మళ్ళీ చెప్పాను, మా ఆవిడ పాడుతుందని."

తల్లి తలెత్తింది. "మీరూ చేశారా?"

ఆ 'మీరూ' దగ్గర ఎవరైనా ఆగాల్సింది. ఆయన ఆగలేదు. అప్పటికే జేబులో ఫోన్ మోగుతోంది. ఊరి అవతల ఎవరిదో సభ, మైకులు కట్టాలి, కుర్రాళ్ళు ఎదురుచూస్తున్నారు. "సాయంత్రానికి వస్తాను. దాన్ని కదపకండి" అని పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఆమె దులిపేసుకుంటే చిన్నబోయి, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మాయి వినకుండా పోలేదు. ఆ 'మీరూ' ఆమె చెవిలో ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళి తల్లికి ఎదురుగా నిలబడింది. ఏమిటన్నట్టు గడ్డం ఎగరేసింది.

"ఏం లేదే. వెళ్ళి పడుకో" అంది తల్లి.

అప్పుడు మేడ మీదనించి పాట వినబడింది.

*

అది పెద్దమ్మాయి పాటే. ఆదివారం మొదట పాడాలని తను నెలల తరబడి సానబెట్టుకున్న పల్లవి. రెండో వరసలో మాట సగంలో ఆపి, ఊపిరి తీసుకోకుండా పైకి వెళ్ళే చోటు ఒకటుంది. అక్కడ పెద్దమ్మాయి ఎలా ఆగుతుందో అలాగే ఆగింది ఆ పాట. ఎలా ఎక్కుతుందో అలాగే ఎక్కింది.

ఒక్క క్షణం ఆమె తన గొంతుని చేత్తో తడుముకుంది, అది ఇంకా అక్కడే ఉందో లేదోనని.

తర్వాత చెప్పులు విదిలించేసి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. తలుపు తోసింది. చిన్నమ్మాయి శ్రుతి పెట్టె ముందు కూర్చుని ఉంది. అక్కని చూసి పాట ఆపింది గానీ పెట్టె ఆపలేదు. అది గదిలో మోగుతూనే ఉంది.

పెద్దమ్మాయి గ్లాసుని తలుపు చట్రానికేసి కొట్టింది. గ్లాసు నడుం దగ్గర సొట్ట పడింది.

"అమ్మనడుగు. నన్ను కాదు" అంది చిన్నమ్మాయి.

తల్లి అప్పటికి మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతోంది. "నేనే సాధన చెయ్యమన్నాను. ఏదైనా అవసరం పడితే ఉంటుందని. కార్యదర్శిగారితో కూడా నిన్న అన్నాను. పెద్దది పాడలేకపోవచ్చు, చిన్నది పాడుతుందని."

టంగ్ టంగ్ అనాల్సిన గ్లాసు సొట్ట వల్ల డొక్ డొక్ అంది.

"నీకు చెప్పకుండా అన్నానా?" అంది తల్లి. "మొన్న రాత్రి పడుకునేముందు నీ మంచం పక్కన కూర్చుని చెప్పాను కదే. ఈసారికి చిన్నదాన్ని పాడనిద్దామా, నీ గొంతు మిగిలితే చాలు, వేదికలు ఎక్కడికి పోతాయి అని. నువ్వు ఏమీ అనలేదు. గ్లాసు పక్కనే ఉంది, కొట్టలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు."

పెద్దమ్మాయికి మొన్న రాత్రి సంగతి గుర్తొచ్చింది. తల్లి ఏదో అంటోంది. తను గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మందు మత్తు. నిద్రలో ఉన్న మనిషి గ్లాసు ఎలా కొడుతుంది? డాక్టరమ్మ మందుగా ఇచ్చిన మౌనాన్ని తల్లి సంతకంగా వాడుకుంది. వారం రోజులుగా ఆ ఇంట్లో ప్రతివాళ్ళూ అదే చేస్తున్నారు. మొగుడు శనివారానికి మాటిచ్చాడు, తల్లి ఆదివారాన్ని పంచిపెట్టింది. నోరు లేని మనిషి సొత్తు అందరిదీ.

ఆమె చెల్లెలి ముందుకి వెళ్ళి శ్రుతి పెట్టె మూత ఠపీమని మూసింది. చెంచాతో చెల్లెలి వైపు చూపించింది, తర్వాత తన గుండె వైపు. నువ్వు కూడానా?

చిన్నమ్మాయి లేచి నిలబడింది. ఇంతసేపూ నిమ్మకు నీరెత్తినట్టున్న మనిషి ఒక్కసారిగా మండిపడింది.

"ఆఁ, నేను కూడా! ఏం, నేను మనిషిని కానా? పన్నెండేళ్ళనించీ నీ వెనక నిలబడి పాడుతున్నాను. అక్క గొంతుకి అతికేట్టు పాడవే, అక్క ఆగినచోట ఆగవే, నీ గొంతు విడిగా వినబడకూడదే అని అమ్మ నేర్పింది. నీకు జలుబు చేసిన ప్రతిసారీ పై స్వరాలు నేను పాడాను. చప్పట్లు నీకు కొట్టారు. నువ్వు కూడా దండం పెట్టి తీసుకున్నావు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశావా?"

పెద్దమ్మాయి చెయ్యి కిందికి దిగింది.

"నా గొంతు ఎలా ఉంటుందో నాకే తెలీదు అక్కా. ఒంటరిగా ఉన్నప్పుడు పాడుకుందామని నోరు తెరిస్తే నీ గొంతే వస్తుంది. ఫోనెత్తితే నీ పేరు పెట్టి పిలుస్తారు. నీ మొగుడు నన్ను బంగారం అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నవ్వు రాలేదు."

"ఒసే, నోర్ముయ్యవే!" అంది తల్లి.

"నేనెందుకు మూయాలి? నోరు మూసుకోమని డాక్టరు చెప్పింది దానికి!"

ఆ మాట అన్నాక చిన్నమ్మాయికే ఎలాగో అయింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. పెద్దమ్మాయికి కోపం తగ్గలేదు. కానీ ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. చెల్లెలు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నిజమైనంత మాత్రాన తన ఆదివారాన్ని ఇచ్చెయ్యాలా? ఇవ్వదు. చచ్చినా ఇవ్వదు.

కింద ఫోన్ మోగింది.

*

అది హాలు కార్యదర్శిగారు. తల్లి ఎత్తి, అలవాటు కొద్దీ గుసగుసగా "హలో" అంది.

"గట్టిగా మాట్లాడండమ్మా, నాకు చెవులు అంతంతమాత్రం" అన్నాడాయన. ఆయన మాట మాత్రం గది అంతా వినబడేంత పెద్దది. ఫోన్లో స్పీకరు మీట నొక్కక్కర్లేదు, అయినా తల్లి నొక్కింది. "బోర్డు రాసే అతను నా ఎదురుగా రంగు కలుపుకుని కూర్చున్నాడు. పెద్దమ్మాయి పేరా, చిన్నమ్మాయి పేరా? మీరేమో నిన్న చిన్నమ్మాయి అన్నారు. మీ అల్లుడు పొద్దున్న పెద్దమ్మాయి అన్నాడు. ఇది హాలా, మీ పెరడా?"

"అది కాదండీ, డాక్టరమ్మ ఏమందంటే..."

"మీరొద్దు, ఆయనొద్దు. పాడేది ఆమె. ఆమెనే చెప్పమనండి. ఒక్క మాట చాలు."

"దాన్ని మాట్లాడొద్దన్నారండీ. కావాలంటే రాసి పంపిస్తుంది."

"రాసింది ఎవరో నాకేం తెలుసు? మీ ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. ఆమె గొంతు చిన్నప్పట్నించీ వింటున్నాను. వింటే నాకు తెలుస్తుంది. నన్ను మోసం చెయ్యలేరు."

ముగ్గురాడవాళ్ళూ ఆ ఫోన్ చుట్టూ నిలబడ్డారు. పెద్దమ్మాయి దాన్ని చూస్తోంది. ఒక్క మాట చాలు. 'పాడతాను'. ఆ మాట అంటే ఆదివారం తనది. ఆ మాట అంటే ఆదివారం పాడటానికి గొంతు ఉంటుందో లేదో తెలియదు. ఒకే మాట అటు తాళంచెవి, ఇటు గొళ్ళెం.

తెర మీది ఎర్రటి తీగలు కళ్ళ ముందు కదిలాయి.

"అక్కా" అంది చిన్నమ్మాయి. అరిచి అరిచి ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నేను చెప్పనా, నువ్వు చెప్పినట్టు? ఆయనకేం తెలుస్తుంది? పాడతానని చెప్పనా?"

పెద్దమ్మాయి చెల్లెలి మొహంలోకి చూసింది. వెతికింది. ఇంతకుముందు ఎప్పుడూ ఆ మొహాన్ని అంతసేపు చూడలేదని అప్పుడే తెలిసింది.

డొక్.

ఒక్క దెబ్బ. గట్టిగా.

చిన్నమ్మాయి ఫోన్ మీద చెయ్యి తీసింది.

"నమస్కారమండీ, నేనే" అంది. పెద్దమ్మాయి గొంతు. అదే మెత్తదనం, మాట చివర అదే చిన్న విరుపు. తల్లికి ఒళ్ళు జలదరించింది.

"ఆఁ, అదీ! ఇప్పుడు చెప్పు తల్లీ" అన్నాడు కార్యదర్శిగారు. "గొంతు శుభ్రంగా ఉంది కదా, ఇంకేం? ఆదివారం ఏం చేద్దాం?"

"ఆదివారం నేను..." అంది చిన్నమ్మాయి.

తల్లి వైపు చూసింది. తల్లి తల అడ్డంగా ఊపుతోంది. చేతులు జోడించింది. కన్నీళ్ళు కారుతున్నాయి.

"ఆదివారం నేను పాడలేనండీ" అంది చిన్నమ్మాయి. "మా చెల్లెలు పాడుతుంది. బోర్డు మీద దాని పేరే రాయించండి. నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను."

పెద్దమ్మాయికి ముందు అర్థం కాలేదు. తన గొంతే, తన నోటినించి కాకుండా, తన ఆదివారాన్ని ఇచ్చేస్తోంది. అర్థమయ్యాక చెంచా ఎత్తింది.

డొక్ డొక్.

డొక్ డొక్. డొక్ డొక్. చెంచా వంగిపోయేట్టు కొట్టింది. ఫోన్ పక్కనే కొట్టింది. చెల్లెలి మొహం మీద కొడుతున్నట్టే కొట్టింది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?" అన్నాడు కార్యదర్శిగారు.

"ఏం లేదండీ" అంది పెద్దమ్మాయి గొంతు ఫోన్లోకి. "వంటింట్లో గిన్నె ఏదో పడింది."

గ్లాసు ఆగిపోయింది.

పెద్దమ్మాయి వెన్ను నిటారు చేసింది. భుజాలు దించింది. కడుపు నిండా ఊపిరి పీల్చింది. వేదిక మీద, మొదటి మాటకి ముందు పీల్చే ఊపిరి అది. పక్కటెముకలు విచ్చుకున్నాయి, గడ్డం కాస్త పైకి లేచింది, పెదవులు విడివడ్డాయి.

ఆ ఊపిరి ఏమిటో ఇంట్లో తల్లికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆవిడా ఒకప్పుడు అలాగే పీల్చింది.

"వద్దే!" అని కేక వేసింది తల్లి. ఆ పగిలిన గొంతు రెండు ముక్కలై గదిలో పడింది. "వద్దే తల్లీ! నీ కాళ్ళు పట్టుకుంటాను, అరవకే! పోతుందే, మళ్ళీ రాదే!"

నిజంగానే నేల మీద కూలబడి కూతురి కాళ్ళు చుట్టేసుకుంది.

పెద్దమ్మాయి నోరు తెరిచే ఉంది. ఊపిరి లోపలే ఉంది. తల్లి మీద అసహ్యం వేసింది. జాలి వేసింది. రెండూ ఒకేసారి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆ ఊపిరిని మెల్లగా, ముక్కుతో, చప్పుడు కాకుండా వదిలేసింది.

తర్వాత వంగి తల్లి చేతులు ఒక్కొక్కటే విప్పింది. కుర్చీ మీది సంచీ అందుకోలేదు. చెప్పులు వెతుక్కోలేదు. సొట్ట గ్లాసు ఒక చేత్తో, వంగిన చెంచా ఒక చేత్తో పట్టుకుని వీధి తలుపు తెరిచి ఎండలోకి దిగింది. హాలు బజారు చివర. బోర్డు రాసే మనిషి ఇంకా రంగు కలుపుకుంటూనే ఉండాలి. ఎదురొచ్చిన పక్కింటావిడ, అలవాటైపోయిందేమో, "ఎక్కడికమ్మా?" అని గుసగుసగా అడిగింది. పెద్దమ్మాయి ఆగలేదు.

"ఎవరమ్మా అరిచింది?" అంటోంది ఫోను. "అక్కడేం జరుగుతోంది? ఎవరు అరవొద్దంటున్నారు, ఎవరితో అంటున్నారు? అమ్మాయీ, ఉన్నావా? ఇంతకీ మాట్లాడుతున్నది ఎవరు?"

చిన్నమ్మాయి ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుంది. నోరు తెరిచింది. ఏ గొంతుతో జవాబు చెప్పాలో ఆమెకి తెలియలేదు.